గాంబియాలో ఆడవాళ్ల ఉమ్మడి కూరతోట: 8 నెలల పని డైరీ

నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. మెట్ట ఊళ్లో బావి, సోలార్ పంపు, కంచె పెట్టి నలుగురూ కలిసి పండించే తోట చేయాలనుకునేవాళ్లకు కొలతలు పనికొస్తాయి. అంతకన్నా నేను చేసిన తప్పులు పనికొస్తాయి. మాది అనంతపురం జిల్లా. బావులు, పంపుల పని నాకు కొత్త కాదు. ఉమ్మడి అనే మాట దగ్గరే దెబ్బతిన్నాను.

చోటు: పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా దేశం, గాంబియా నది ఉత్తర ఒడ్డు, ఫరాఫెన్ని పట్నానికి తూర్పున మండింకా జాతివాళ్ల ఊరు ఒకటి. పేరు రాయను. నది దగ్గరే ఉంది, కానీ ఎండాకాలంలో సముద్రపు ఉప్పు ఇక్కడిదాకా ఎగబాకుతుంది. కాబట్టి కూరతోటకు బావి తప్ప దారి లేదు.

కొన్ని మాటలు ముందే చెప్పాలి, లేకపోతే కింది గొడవలు అర్థం కావు. ఊరి పెద్దను అల్కాలో అంటారు. ఒకే మూలం నుంచి వచ్చిన కుటుంబాల వాడను కబీలో అంటారు. చెట్టు కింద పెద్ద అరుగు ఉంటుంది, అది బంతాబా. ఊరి మాటలన్నీ అక్కడే. ఈడును బట్టి కట్టుకునే సంఘం కాఫో. మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు. ఎవరి చేలోనైనా కలుపు తీయాలంటే కోలా కాయలు (నమిలే చేదు కాయలు, ఇక్కడ మర్యాదకు ఇస్తారు) పట్టుకెళ్లి కాఫోను పిలుస్తారు. వచ్చిన కూలి కాఫో డబ్బాలో పడుతుంది. చెప్పకుండా మానేసినవాళ్లకు జరిమానా.

దశ 1: కంచె (నవంబరు 2023)

స్థలం 100 మీటర్లు × 80 మీటర్లు, మన లెక్కలో దాదాపు 2 ఎకరాలు. చుట్టుకొలత 360 మీటర్లు. కోతలయ్యాక ఇక్కడ పశువుల్ని చేలలోకి వదిలేస్తారు. కంచె లేని కూరతోట ఒక్క రాత్రి కూడా మిగలదు. ముళ్ల తీగ ఆవును ఆపుతుంది కానీ మేక దూరిపోతుంది. అందుకే అల్లిన వల తీసుకున్నాం.

1. 18 మీటర్ల చుట్టలు 20. ఒక్కోటి 2,600 దలాసీలు (గాంబియా డబ్బు).
2. గుంజలు 3 మీటర్లకొకటి, మొత్తం 120. అడవిలో కొట్టిన పచ్చి కర్రలు.
3. ప్రతి గుంజ 50 సెంటీమీటర్లు పాతాం. అడుగున బూడిద పోశాం.

మగవాళ్ల కాఫో నుంచి రోజుకు 37 మంది, 3 రోజులు వచ్చారు. ఒకడు డోలు వాయిస్తుంటే ఆ దెబ్బకు గడ్డపారలు లేచేవి. మధ్యలో అత్తాయా. చైనా గ్రీన్ టీని బొగ్గుల మీద మరిగించి, చిన్న గ్లాసుల్లో నురగ వచ్చేదాకా పైనుంచి కిందికి పోస్తూ మూడు వాయిలు ఇస్తారు. మొదటి రోజు గడియారం చూశాను, గంటా 40 నిమిషాలు. రెండో రోజు చూడటం మానేశాను.

బూడిద పోస్తే చెద రాదని నేనే చెప్పాను. ఇది గుర్తుపెట్టుకోండి, దశ 6లో దీని ఖరీదు ఉంది.

ఇప్పటిదాకా: 55,400 దలాసీలు (మేకులు, తీగ కలిపి), 111 పనిదినాలు. ఒక దలాసీ అంటే అప్పుడు రూపాయికి కొంచెం పైన.

దశ 2: ఉమ్మడి మడులు (నవంబరు – డిసెంబరు)

తోట అడిగింది 84 మంది ఆడవాళ్లు. నా ప్లాను ఇది: 60 మడులు, అన్నీ సంఘానివే. అందరూ వంతులవారీగా నీళ్లు పోస్తారు, అమ్మిన డబ్బు డబ్బాలో వేసి పంచుకుంటారు. ఆఫ్రికా పల్లె అంటే అన్నీ కలిసే చేస్తారని చదివి వచ్చినవాణ్ణి కదా. కాగితం మీద చాలా అందంగా ఉంది.

హాజరు రాసిపెట్టాను:

1వ వారం: 71 మంది
3వ వారం: 38 మంది
5వ వారం: 17 మంది

ఉల్లి నారు సగానికి సగం ఎండిపోయింది. ఆ విత్తనం నా జేబు డబ్బు, అందుకే లెక్కలో వేయలేదు.

కారణాలు రెండు. మొదటిది పంటల క్యాలెండర్. ఇక్కడ మెరక మీద వేరుశనగ, సజ్జ మగవాళ్ల పని. పల్లపు నేలల్లో వరి ఆడవాళ్లది. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు. మన దగ్గర కోతలప్పుడు ఎవరైనా వచ్చి కొత్త పథకానికి మీటింగు పెడితే ఏమంటామో వాళ్లూ మనసులో అదే అనుకుని ఉంటారు. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

రెండోది అసలు సంగతి. ఆడవాళ్ల కాఫో అధ్యక్షురాలు, అరవై దాటిన మనిషి, దుబాసీ ద్వారా ఒకే ప్రశ్న అడిగింది: "ఇది ఎవరి మరువో?"

మండింకా కుటుంబాల్లో పొలం రెండు రకాలు. మరువో అంటే ఇంటి ఉమ్మడి చేను. అందరూ పనిచేయాలి, పంట ఇంటి గాదెకు పోతుంది, పెత్తనం ఇంటి పెద్దది. కమన్యాంగో అంటే ఒక మనిషి సొంతంగా చేసుకునేది. ఆ పంటను ఏం చేయాలో ఆ మనిషి ఇష్టం. ఆడదైనా, పెళ్లికాని కుర్రాడైనా సరే. 1984లో ఇదే దేశంలో జహాలి, పచార్ పల్లాల్లో పెద్ద నీటిపారుదల వరి ప్రాజెక్టు వచ్చినప్పుడు గొడవ దీని మీదే నడిచింది. ఆడవాళ్ల పేర రాసిన మడులు మరువో కిందికి జారి ఇంటి పెద్దల చేతికి వెళ్లాయి. పని ఆడవాళ్లదే, గింజ మీద హక్కు మాత్రం పోయింది. నేను వేసిన 60 మడులు వీళ్ల కంటికి అలాగే కనపడ్డాయి. ఇంటి పెద్దకు బదులు నేనున్నాను, అంతే తేడా.

మార్చింది ఇది:

1. కంచె, బావి, పంపు, దారులు అందరివీ. వాటి పనికి పిలుపొస్తే రావాలి, రాకపోతే 25 దలాసీల జరిమానా.
2. మనిషికి 3 మడులు, ఒక్కోటి 1 మీటరు × 6 మీటర్లు. విత్తనం, పంట, డబ్బు ఆమెవే. చీటీ తీసి పంచారు. బావి పక్క మడులన్నీ ఒకే కబీలోకు పోకుండా చీటీలు మూడు గిన్నెల్లో వేయాలన్నది వాళ్ల ఆలోచనే.
3. ఉమ్మడివి 12 మడులు మాత్రమే. వాటి డబ్బు మరమ్మతులకు తప్ప ఇంక దేనికీ కాదు.

చివరికి 252 + 12 = 264 మడులు. వరి కోతలవగానే రెండు రోజుల్లో 84 మందీ వచ్చి మడులు కట్టేశారు. చెప్పి పంపాల్సిన అవసరం కూడా రాలేదు.

ఇప్పటిదాకా: 55,400 దలాసీలు, 279 పనిదినాలు.

దశ 3: పంపు (డిసెంబరు)

తోటలో పాత బావి ఒకటి ఉంది. సిమెంటు ఒరలు, లోపలి వ్యాసం 1.2 మీటర్లు, లోతు 9.4 మీటర్లు, నీళ్లు 2.3 మీటర్లు. పంపు కొన్నాక ఊట కొలిచాను. కొలిచాక కొనాలి. వరస తప్పితే ఏమవుతుందో కింద చూడండి.

ఊట కొలిచే పద్ధతి:

1. తెల్లవారుజామున, ఎవరూ చేద వేయకముందు, తాడుకు రాయి కట్టి నీటిమట్టం చూడండి.
2. గబగబా తోడి మట్టం సరిగ్గా 1 మీటరు దించండి. ఈ బావిలో అది 1,130 లీటర్లు.
3. గంట ఆగి ఎంత ఎక్కిందో చూడండి. మాకు 42 సెంటీమీటర్లు, అంటే గంటకు దాదాపు 475 లీటర్లు.

నేను తెచ్చిన పంపు గంటకు 3,000 లీటర్లది. అడుగున 30 సెంటీమీటర్లు వదిలి దింపాం. 54 నిమిషాల్లో నీళ్లు అయిపోయాయి. ఆ తర్వాత మట్టినీళ్లు, ఆ తర్వాత ఇసుక. మూడో రోజు మోటారు బిగుసుకుపోయింది. ఒరల కింద ఇసుక కదిలి బావిలో పూడిక కూడా 20 సెంటీమీటర్లు పెరిగింది. పిల్లలు చుట్టూ చేరి "తుబాబ్, తుబాబ్" అని అరిచారు. తెల్లవాళ్లను పిలిచే మాట అది. నా రంగు చూసి కూడా ఎలా అనబుద్ధేసిందో.

ఇంకో చిన్న తప్పు. 4 మడులకు డ్రిప్పు వేశాను. రెండు వారాల్లో ఇసుకతో రంధ్రాలు మూసుకుపోయాయి. ఫిల్టరు రోజూ కడగాలి. ఎవరు కడగాలి? పీకేశాను.

ఇప్పటిదాకా: పంపు 29,000, ప్యానెళ్లు నాలుగు 22,000, ట్యాంకు, పైపులు 17,000. మొత్తం 1,23,400 దలాసీలు. పనిదినాలు అవే.

దశ 4: కొత్త బావి, చిన్న పంపు (జనవరి 2024)

నీళ్ల లెక్క: చలి నెలల్లో మడికి రోజుకు 30 లీటర్లు, అంటే 10 లీటర్ల క్యాను మూడుసార్లు. 264 మడులకు 7,920 లీటర్లు. ఒక్క బావితో కాదని తేలింది.

బావి తవ్వే మేస్త్రీని ఫరాఫెన్ని దగ్గర నుంచి పిలిపించాం. ఆయన వచ్చి చూసి, మే నెలలో పిలవమన్నాడు. నీళ్లు అట్టడుగున ఉన్నప్పుడే బావి తవ్వాలి, ఇప్పుడు తవ్వితే ఏప్రిల్‌లో ఎండుతుంది అన్నాడు. ఈ మాట మా ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ డబ్బు ఇచ్చినవాళ్లకు మార్చి లోపల బిల్లులు చూపాలి. బతిమాలి తవ్వించాను. 11 రోజులు, రోజుకు ఆరుగురు మట్టి లాగారు. 10.1 మీటర్ల దగ్గర ఆపాం. నీళ్లు 1.9 మీటర్లు. ఫొటోలు బాగా వచ్చాయి.

ఖర్చు: సిమెంటు 38 బస్తాలు 16,340, ఇనుము 9,800, మేస్త్రీ కూలి 22,000.

పాత పంపుకు మోటారు మళ్లీ చుట్టించి 15,000కు అమ్మేశాం. దాని బదులు గంటకు 650 లీటర్లు తోడే చిన్నది 24,500కు కొన్నాం. ఎండ ఉన్న 7 గంటలూ నెమ్మదిగా నడిచి 4,550 లీటర్లు ఇస్తుంది, బావి ఎండదు. నీళ్లు తగ్గితే ఆగేలా ఫ్లోట్ స్విచ్ పెట్టాం. కొత్త బావికి గిలక, చేంతాడు. చేత్తోనే రోజుకు 3,500 లీటర్ల దాకా తోడారు. రెండూ కలిపి 8,050. అవసరం 7,920. అంచు మీద నడక.

ట్యాంకు నుంచి గొట్టం పట్టి పోస్తే మొదటి వరసవాళ్లకే నీళ్లు, చివరివాళ్లకు తగాదా. అందుకని తోటలో ఆరు చోట్ల సిమెంటు తొట్లు కట్టాం. ఒక్కో తొట్టి 14 మందికి. క్యాను ముంచుకుని పోతారు. తగాదాలు పూర్తిగా పోలేదు, కానీ ఆ 14 మంది మధ్యే తేలిపోతున్నాయి.

జనవరిలో హర్మట్టన్ గాలి. సహారా దుమ్ము ప్యానెళ్ల మీద పసుపు పొడిలా పేరుకుంటుంది. ఒకరోజు తుడవకముందు గంటకు 510 లీటర్లు, తుడిచాక 640. తుడిచే పని వంతులో చేర్చాం.

ఇప్పటిదాకా: 1,85,340 దలాసీలు (తొట్ల సిమెంటు 4,300 కలిపి), 365 పనిదినాలు.

దశ 5: మామిడి మొక్కలు (ఫిబ్రవరి)

దీనికి పైసా ఖర్చు కాలేదు, కానీ ఎనిమిది నెలల్లో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే.

కంచె వెంట 40 మామిడి అంట్లు పెడదామన్నాను. గాలికి అడ్డు, నాలుగేళ్లకు కాయ, గట్ల మీద చెట్లు మనకు మామూలే కదా. స్థలం ఇచ్చిన కబీలో పెద్ద వెంటనే సరేనన్నాడు. తవ్వడానికి తన మనుషుల్ని పంపుతానన్నాడు కూడా. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడేంటి అనుకున్నాను కానీ అక్కడితో ఆపేశాను.

మర్నాడు పొద్దున తోటలో ఒక్కరూ లేరు. 84 మందీ బంతాబా దగ్గర కూర్చున్నారు. అధ్యక్షురాలు నా వైపు చూడకుండా అల్కాలోతోనే మాట్లాడింది. దుబాసీ కుర్రాడు చాలాసేపు నాకు ఏమీ చెప్పలేదు, చివరికి చెప్పాడు. ఇక్కడ నేల మొదట ఊరు కట్టిన కుటుంబాలది. ఆడవాళ్లకు కూర పండించుకోవడానికి ఇస్తారు. అది వాడుకునే హక్కు మాత్రమే. కానీ చెట్టు నాటితే ఆ చెట్టుతో పాటు నేల మీద హక్కు గట్టిపడుతుంది. 1980ల నుంచి ఈ ఉత్తర ఒడ్డులోనే ఎన్నో తోటల్లో ఇదే జరిగింది. ఆడవాళ్లు బావులు తవ్వి, కంచె కట్టి, నేల బాగుచేశాక భూమిగల మగవాళ్లు మడుల మధ్య మామిడి మొక్కలు పెట్టారు. ఆడవాళ్లు కూరలకు పోసే నీళ్లతోనే అవి పెరిగాయి. నీడ ముసిరాక కూరలు పోయాయి, తోట పండ్లతోట అయింది.

అంటే నేను పరాయి డబ్బుతో బావి తవ్వించి, ఇప్పుడు మొక్కలూ తెస్తానంటున్నాను. కబీలో పెద్దకు ఎందుకంత సంతోషమో అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం కోలా కాయలు కొనుక్కుని వెళ్లాను. తప్పైందని చెప్పాను. పది రోజుల మాటల తర్వాత ఒక కాగితం రాశారు: పదేళ్లపాటు తోట లోపల, కంచెకు 5 మీటర్ల బయటిదాకా, కాయ చెట్టు ఎవరూ నాటకూడదు. బొప్పాయి, అరటి మాత్రం ఎవరి మడి చివర వాళ్లు పెట్టుకోవచ్చు. అల్కాలో సంతకం, మూడు కబీలోల పెద్దల వేలిముద్రలు. బంతాబాలో గట్టిగా చదివారు. ఇలాంటి పని ఎవరైనా చేస్తే, కంచెకన్నా ముందు ఈ కాగితం రాయించుకోండి. నేను వెనక రాయించాను కాబట్టి పది రోజులు పట్టింది.

దశ 6: చెద (ఫిబ్రవరి చివర)

24 రాత్రి ఉత్తరం వైపు కంచె పడిపోయి 9 ఆవులు లోపలికొచ్చాయి. 31 మడులు పోయాయి. పొద్దున్నే 120 గుంజలూ ఊపి చూశాను. 47 మొదట్లో చెద తినేసి చేతికొచ్చేశాయి. బూడిద ఏమీ చేయలేదు. పచ్చి కర్ర, బెరడు తీయలేదు. అదీ కారణం.

1. 9 మీటర్లకొకటి చొప్పున 40 తాటి దుంగలు, ఒక్కోటి 350. ఇక్కడి తాడి మన తాడికి దగ్గరి చుట్టం, చేవ నల్లగా ఉంటుంది, చెద ముట్టదు. మా తాతల ఇంట్లో తాటి దూలాలు అరవై ఏళ్లున్నాయి. మొదటే గుర్తురావలసింది.
2. మధ్యలో బాగున్న పాత గుంజలే బెరడు చెక్కి, మొదలు కాల్చి మళ్లీ పాతాం.
3. వల వెంట జట్రోఫా కొమ్మలు. మనవైపు అడవి ఆముదం అంటాం. పశువులు ముట్టవు, రెండేళ్లలో అదే కంచె అవుతుంది.

మూడోది మళ్లీ తొందర. ఎండలో 400 కొమ్మలు గుచ్చితే ఏప్రిల్‌కు 61 బతికాయి. వానల ముందు గుచ్చాలి.

ఆవులు తొక్కిన మడులవాళ్లకు ఏమివ్వాలి? పశువుల యజమానుల నుంచి జరిమానా అల్కాలో తేల్చాడు. నేను కలగజేసుకోలేదు. నేర్చుకున్నాను మరి.

ఇప్పటిదాకా: 1,99,340 దలాసీలు, 413 పనిదినాలు.

దశ 7: ఉల్లి, ఎండలు (మార్చి – ఏప్రిల్)

మార్చి రెండో వారంలో రంజాన్ మొదలు. ఉపవాసంతో బరువు మోయలేరు కాబట్టి నీళ్లు తెల్లవారుజామున ఒకసారి, ఇఫ్తార్ తర్వాత లాంతరు వెలుగులో ఒకసారి. ఎండ పెరిగి మడికి 40 లీటర్లు కావాలి, అంటే 10,560. బావులేమో దిగిపోతున్నాయి. ఏప్రిల్ 6న కొలత: పాత బావి 1.1 మీటర్లు, కొత్త బావి 60 సెంటీమీటర్లు. మేస్త్రీ చెప్పినట్టే. రెండూ కలిసి రోజుకు 4,900 లీటర్లు, అంటే 122 మడులకు.

ఎవరివి ఆపాలన్నది ఆడవాళ్లే తేల్చారు. ఉల్లి తవ్విన మడి ఎండబెట్టాలి, మనిషికి ఒకే మడి తడపాలి. ఆ ఒక్క మడిలో దాదాపు అందరూ వేసింది ఏమిటో తెలుసా? గోంగూర. ఆకును కుచ్చా అంటారు, ఉడికించి మెత్తగా దంచి అన్నం మీద వేసుకుంటారు. ఎర్ర రకం కాయల మీది రేకులు ఎండబెట్టి వొంజో అనే పానకం చేస్తారు. నేను ఎండుమిర్చి వేసి రోట్లో నూరి పెడితే, పులుపు బాగుంది, చేప ఏది అన్నారు.

ఉల్లి రకం గల్మి, నైజర్ నుంచి వచ్చింది. ఉమ్మడి 12 మడుల్లో 180 కిలోలు వచ్చింది, చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. తవ్వడానికి పది రోజుల ముందే నీళ్లు ఆపమన్నాను. ఉమ్మడి మడుల్లో ఆపారు. సొంత మడుల్లో బరువు తగ్గుతుందని కొందరు ఆపలేదు. వాళ్ల సంచుల్లో మూడు వారాలకే కుళ్లు మొదలైంది. రంజాన్‌లో అమ్మినవాళ్లకు మంచి ధర దొరికింది. పండగ దాటాక నెదర్లాండ్స్ ఉల్లి సంచుల పక్కన మన ఉల్లిని వారపు సంతలో అడిగేవాళ్లు తగ్గారు. ఉమ్మడి పంట సగటున కిలో 42 దలాసీల లెక్కన 7,560 ఇచ్చింది.

దశ 8: మళ్లీ బావిలోకి (మే – జూన్)

అదే మేస్త్రీ మేలో వచ్చాడు. నన్ను చూసి ఏమీ అనలేదు, నవ్వాడు.

1. కొత్త బావి పెద్ద ఒరల లోపలికి 0.9 మీటర్ల వ్యాసమున్న చిన్న ఒరలు దింపారు.
2. లోపల తవ్వుతుంటే ఒర తన బరువుకే దిగుతుంది. అలా 2.4 మీటర్లు.
3. అడుగున ఇసుక రాకుండా 30 సెంటీమీటర్ల కంకర.

సిమెంటు 9 బస్తాలు 3,870, ఇనుము 2,200, కూలి 9,000. మే 22న, ఏడాది మొత్తంలో నీళ్లు తక్కువగా ఉండే రోజుల్లో, బావిలో 2.2 మీటర్లు. జనవరిలో తవ్వకుండా ఆగి ఉంటే ఈ 15,070 మిగిలేది.

డబ్బు ముగింపు: మొత్తం 2,14,410. బయటి నుంచి వచ్చింది 1,89,000. మిగతా 25,410కి ఉల్లి డబ్బు 7,560, కాఫో డబ్బాలోంచి 18,000. కిందటి ఏడాది ఇతరుల చేలలో కలుపు తీసి దాచిన కూలి అది. మిగిలింది 150 దలాసీలు, చేంతాడుకు ఉంచారు.

జూన్ 19న మొదటి పెద్ద మబ్బు పట్టింది. అంతకు వారం ముందు 26 మంది ఒక్క రోజులో, 30 సెంటీమీటర్లకొకటి చొప్పున 1,140 జట్రోఫా కొమ్మలు గుచ్చారు. పనిదినాలు 469. వాన కురిసిన మర్నాడు తోట ఖాళీ. అందరూ వరి నేలల్లో ఉన్నారు. ప్యానెళ్లు విప్పి అధ్యక్షురాలి ఇంట్లో పెట్టాం. పంపు పైకి లాగి కడిగి, గోనె చుట్టి దూలానికి కట్టాం. బావులకు చెక్క మూతలు వేశాం. అక్టోబరులో విప్పేటప్పుడు చూడాల్సినవి: ఫ్లోట్ స్విచ్, ఉత్తరం వైపు గుంజలు, ఎన్ని కొమ్మలు చిగురించాయో.